డిగ్రీలో చేరిన పిల్లలు, మంచి బోధన, పరిశోధనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కాలేజీలో చేరిన పిల్లల్లో కొందరు ఎందుకు నిలబడతారు, కొందరు ఎందుకు మధ్యలో వెళ్లిపోతారు, మంచి బోధన అంటే అసలు ఏమిటి అన్న విషయాల మీద జరిగిన పరిశోధనలను మొదట నా అవసరం కోసమే చదివాను. తర్వాత తోటి లెక్చరర్లు, అడ్మిషన్లప్పుడు వచ్చే తల్లిదండ్రులు, పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాళ్లు అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే జవాబులు ఒకచోట రాసిపెట్టాలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

విద్యార్థి విజయం అంటే పాస్ పర్సంటేజీయే కదా?

కాదు. ఒక లెక్క చూడండి. మొదటి ఏడాది ఒక గ్రూపులో 60 మంది చేరారనుకుందాం. ఆఖరి సెమిస్టర్ పరీక్షకు 35 మంది కూర్చున్నారు. 33 మంది పాసయ్యారు. కాలేజీ గేటు మీద ఫ్లెక్సీలో '94 శాతం ఉత్తీర్ణత' అని వేస్తారు. అందులో అబద్ధం లేదు. కానీ చేరిన 60 మందిలో డిగ్రీ చేతికొచ్చింది 33 మందికి, అంటే 55 శాతానికి. మిగిలిన 27 మందిలో పరీక్ష దాకా రాని 25 మంది ఏ లెక్కలోనూ కనపడరు. వాళ్ల గురించి ఎవరూ స్టాఫ్ మీటింగులో మాట్లాడరు.

పరిశోధకులు విజయాన్ని మూడు నాలుగు రకాలుగా చూస్తారు. మొదటి ఏడాది చేరినవాళ్లలో రెండో ఏడాదికి ఎంతమంది మిగిలారు, చేరినవాళ్లలో ఎంతమంది సకాలంలో పూర్తి చేశారు, పూర్తి చేసినవాళ్లకు నిజంగా ఏం వచ్చు, ఆ తర్వాత వాళ్ల బతుకు ఎలా మారింది. మన దగ్గర ఎక్కువ శ్రద్ధ చివరిదాని మీద, అదీ ప్లేస్‌మెంట్ల రూపంలో. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది మొదటిది. పిల్ల క్లాసులో లేకపోతే మిగతావి ఏవీ ఉండవు.

ఈ పరిశోధన ఎప్పుడు మొదలైంది? ఎవరి పేర్లు తెలిసి ఉండాలి?

ఎక్కువ పని అమెరికాలో జరిగింది. 1975లో విన్సెంట్ టింటో అనే సామాజిక శాస్త్రవేత్త ఒక సిద్ధాంతం చెప్పాడు. పిల్లవాడు కాలేజీ వదిలేయడానికి కారణం అతని తెలివిలోనే లేదు, కాలేజీలోని చదువుతో, మనుషులతో అతను ఎంతవరకు కలిసిపోగలిగాడన్న దానిలో కూడా ఉందన్నాడు. అప్పటిదాకా మానేసినవాడిదే తప్పు అన్నట్టు మాట్లాడేవారు. టింటో ఆ వేలును కాలేజీ వైపు కూడా తిప్పాడు. 1984లో అలెగ్జాండర్ ఆస్టిన్ మరో మాట చేర్చాడు: పిల్లలు చదువులో, కాలేజీ పనుల్లో ఎంత సమయం, ఎంత శక్తి పెడితే అంత ఎదుగుతారు, కాబట్టి కాలేజీ తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ అది వాళ్లలో ఆ శ్రమను పెంచుతుందా లేదా అని చూసి తూచాలి. 1987లో చికరింగ్, గామ్సన్ అనే ఇద్దరు డిగ్రీ స్థాయి బోధనకు ఏడు మంచి పద్ధతులు రాశారు. పిల్లలతో అధ్యాపకుడి పరిచయం, పిల్లలు ఒకరికొకరు సాయం చేసుకోవడం, తప్పొప్పులు వెంటనే చెప్పడం లాంటివి. చదివితే మన ఊళ్లో పాత అయ్యవార్లు చేసిందే ఇది కదా అనిపిస్తుంది.

అమెరికా పిల్లల మీద చేసిన పరిశోధన మనకెలా పనికొస్తుంది?

పూర్తిగా పనికిరాదు. ఇది మంచి ప్రశ్న, ఎందుకంటే టింటో సిద్ధాంతానికి అక్కడే గట్టి విమర్శ వచ్చింది. ఆయన మనసులో ఉన్నది హాస్టల్లో ఉండి చదువుకునే పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్లు, పని చేస్తూ చదివేవాళ్లు, కుటుంబ బాధ్యతలు ఉన్నవాళ్ల సంగతేమిటి? 1985లో బీన్, మెట్జ్నర్ అనే ఇద్దరు ఆ పిల్లల గురించి వేరే నమూనా ఇచ్చారు. వాళ్ల విషయంలో క్యాంపస్ స్నేహాల కంటే బయటి పరిస్థితులే బలమైనవన్నారు: డబ్బు, పని వేళలు, ఇంటి బాధ్యతలు, ఇంట్లోవాళ్ల ప్రోత్సాహం.

ఈ రెండో నమూనా చదివినప్పుడు నాకు మా క్లాసే కళ్లముందు కనపడింది. కళ్యాణదుర్గం, ఉరవకొండ, తాడిపత్రి, ధర్మవరం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లలు. అక్టోబర్, నవంబర్‌లో శనక్కాయలు పీకే రోజులొస్తే బెంచీలు ఖాళీ. వానలు మొహం చాటేసిన ఏడాది ఇంటిల్లిపాదీ బెంగళూరుకు పనికి వెళ్లిపోతే, వాళ్లతోపాటు వెళ్లిపోయే పిల్లలు. ఇది ఏ అమెరికన్ సర్వేలోనూ ఉండదు. కానీ 'బయటి ఒత్తిడిని కాలేజీ ముందే గుర్తించి సర్దుబాటు చేయగలదా' అన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒకటే.

పిల్లలు మానేయడానికి అసలు కారణం శ్రద్ధ లేకపోవడమే కదా?

చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. ఒక సంగతి చెబుతాను. అప్పుడు నేను పని చేస్తున్న కాలేజీలో మొదటి పీరియడ్ తొమ్మిదిన్నరకు. ఒక అమ్మాయి రోజూ పదీ పదికి వచ్చేది. ప్రతిసారీ గుమ్మం దగ్గర నిలబెట్టి నాలుగు మాటలనేవాడిని. కొన్నాళ్లకు మొదటి పీరియడ్‌కు రావడమే మానేసింది. హాజరు 75 శాతం లేదని హాల్ టికెట్ దగ్గర ఇబ్బంది వచ్చింది. రెండో సెమిస్టర్‌కు రాలేదు. ఆ తర్వాత వాళ్ల ఊరి పిల్ల ఇంకొకతె చెప్పింది: "సార్, మా ఊరికి వచ్చే మొదటి బస్సే ఎనిమిదిన్నరకు సార్."

ఆ అమ్మాయి ఎప్పుడూ ఆ మాట నాతో అనలేదు. నేను అడగలేదు. టైమ్‌టేబుల్లో మొదటి రెండు పీరియడ్లు అటూ ఇటూ మారిస్తే నా సబ్జెక్టులో ఆమె హాజరైనా నిలబడేది. అది నా చేతిలో పనే. ఈ విషయం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

శ్రద్ధ లేని పిల్లలు లేరని నేననను. కానీ శ్రద్ధ లేకపోవడం చాలాసార్లు చివర కనిపించే లక్షణం. దాని వెనుక అర్థం కాని ఇంగ్లీష్ పాఠమో, కట్టలేని ఫీజో, ఇంట్లో కుదురుతున్న పెళ్లి సంబంధమో ఉంటుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్పులు ఉన్నాయి కదా? డబ్బు సాయం చేస్తే చాలదా?

డబ్బు తప్పనిసరి, కానీ డబ్బు ఒక్కటే చాలదు. దీని మీద నేను చదివిన వాటిలో అన్నిటికంటే గట్టి రుజువు న్యూయార్క్ సిటీ యూనివర్సిటీది. అక్కడి రెండేళ్ల కాలేజీల్లో 2007లో 'అసాప్' అనే పథకం పెట్టారు. చేరేవాళ్లలో ఎక్కువమంది పేద కుటుంబాల పిల్లలే. తర్వాత దాన్ని లాటరీ పద్ధతిలో పరీక్షించారు. అంటే అర్హులైన పిల్లల్లో ఎవరిని పథకంలోకి తీసుకోవాలో చీటీ వేసి నిర్ణయించారు, కాబట్టి రెండు గుంపులకూ మొదట్లో తేడా లేదు. మూడేళ్ల తర్వాత చూస్తే మామూలుగా చదివినవాళ్లలో 22 శాతం, పథకంలో ఉన్నవాళ్లలో 40 శాతం పట్టా పూర్తి చేశారు. విద్యారంగంలో ఇంత పెద్ద తేడా అరుదు. ఒహాయో రాష్ట్రంలో ఇదే పద్ధతి పెడితే అక్కడా 19 శాతం 35 అయింది.

పథకంలో ఏముంది? మిగిలిపోయిన ఫీజు కట్టారు, పాఠ్యపుస్తకాలు ఇచ్చారు, బస్సు, మెట్రో పాస్ ఇచ్చారు. వీటితోపాటు ప్రతి పిల్లవాడికీ ఒక సలహాదారును పెట్టారు. ఆ మనిషి తరచుగా పిలిచి మాట్లాడాలి. పిల్లవాడు కూడా పూర్తికాలం చదవాలి. ఒక్కో సాయాన్నీ విడిగా ఇస్తే ఇంత ఫలితం వచ్చేదా అంటే నాకు అనుమానమే. అన్నీ కలిపి, మూడేళ్లు వదలకుండా ఇచ్చారు. బలం అక్కడుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఆ బస్సు పాస్. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. దీనివల్ల మన కాలేజీల్లో ఆడపిల్లల హాజరు మారిందా? ఏ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో మారింది? అసలు బస్సే లేని ఊళ్ల సంగతేమిటి? హాజరు రిజిస్టర్లు మన బీరువాల్లోనే ఉన్నాయి. ఎవరైనా ఈ లెక్క తీస్తే బాగుండు.

మంచి బోధనను కొలవొచ్చా? అది ఒక కళ కదా?

కళే, కానీ వైద్యం కూడా కళే. అయినా ఏ మందు పనిచేస్తుందో కొలుస్తాం.

నా సబ్జెక్టు నుంచే మొదలుపెడతాను. 1998లో రిచర్డ్ హేక్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 62 కోర్సులు, 6,542 మంది విద్యార్థుల ఫలితాలు పోల్చాడు. కోర్సు ముందూ, తర్వాతా బలం, చలనం లాంటి మూల భావనల మీద పరీక్ష పెట్టారు. సంప్రదాయంగా లెక్చర్ చెప్పిన క్లాసుల్లో, మొదట్లో తెలియనిదాంట్లో సగటున 23 శాతం మాత్రమే పిల్లలు నేర్చుకున్నారు. పిల్లల చేత ఆలోచింపజేసి, చర్చింపజేసిన క్లాసుల్లో అది 48 శాతం. రెండింతలు!

2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజనీరింగ్, గణితం కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసింది. కేవలం లెక్చర్ చెప్పిన చోట నూటికి దాదాపు 34 మంది ఫెయిలైతే, పిల్లలు క్లాసులో చురుగ్గా పనిచేసిన చోట 22 మంది ఫెయిలయ్యారు. ఆ పన్నెండు మంది నాకు అంకెలా కనపడరు. నూరు మంది ఉన్న క్లాసులో పన్నెండు కుటుంబాలవి.

నేను బాగా పాఠం చెబుతానని పేరున్నవాడినే. బోర్డు నిండా డెరివేషన్లు రాసేవాడిని, పిల్లలు ముచ్చటపడి రాసుకునేవారు. హేక్ లెక్కలు చదివాక ఒకరోజు నా క్లాసులో చిన్న ప్రశ్న అడిగాను: పైకి విసిరిన బంతి అన్నిటికంటే ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత? ఎక్కువమంది సున్నా అన్నారు. అది తప్పు, ఆ క్షణంలో వేగం సున్నా అవుతుంది కానీ భూమి లాగుతూనే ఉంటుంది, త్వరణం మారదు. న్యూటన్ సూత్రాలు తడుముకోకుండా అప్పజెప్పిన పిల్లలే. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది.

మా క్లాసులో డెబ్బై మంది. ప్రొజెక్టర్ లేదు. ఇదంతా ఎలా కుదురుతుంది?

కుదురుతుంది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో మొదలుపెట్టిన పద్ధతి పెద్ద క్లాసుల కోసమే పుట్టింది. పది, పదిహేను నిమిషాలు పాఠం చెప్పండి. నాలుగు జవాబులున్న ఒక్క ప్రశ్న బోర్డు మీద రాయండి, లెక్క చేయాల్సింది కాదు, ఆలోచించాల్సింది. ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత అందరూ ఒకేసారి వేళ్లు చూపించాలి: ఒకటి, రెండు, మూడు, నాలుగు. చేయి గుండె దగ్గర పెట్టుకుని చూపించమనండి, పక్కవాడిని చూసి మార్చుకోకుండా ఉంటారు. సగం మంది తప్పు చెప్పారా? జవాబు చెప్పేయకండి. పక్కన కూర్చున్నవాళ్లను ఒప్పించమనండి. రెండు మూడు నిమిషాలు క్లాసంతా గోల గోల అవుతుంది, ప్రిన్సిపాల్ గారు తొంగి చూసినా పట్టించుకోవద్దు. మళ్లీ వేళ్లు అడగండి. చాలాసార్లు సరైన జవాబు వైపు జరుగుతారు, ఎందుకంటే ఇప్పుడిప్పుడే అర్థమైన పిల్లవాడికి, అర్థం కానివాడి ఇబ్బంది ఎక్కడుందో మనకంటే బాగా తెలుసు.

దీనికి సుద్దముక్క, బోర్డు చాలు. కష్టం అంతా మంచి ప్రశ్న తయారు చేయడంలోనే ఉంది. తోటివాళ్లతో కలిసి వారానికి రెండు ప్రశ్నలు రాసుకుంటే ఒక ఏడాదిలో సరిపడా పోగవుతాయి.

సిలబస్ పూర్తవుతుందా అని అడుగుతారు. కొంత తగ్గుతుంది. ఆ భాగం చదివి రమ్మని ముందే ఇవ్వాలి. మనం సిలబస్ 'కవర్' చేశామంటే పిల్లలు నేర్చుకున్నారని అర్థం కాదన్న మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

పిల్లలే ఒప్పుకోరు. "సార్, నోట్స్ చెప్పండి" అంటారు. ఏం చేయాలి?

ఇది నిజంగా జరిగేదే, పరిశోధనలోనూ తేలింది. 2019లో హార్వర్డ్‌లో లూయిస్ డెలోరియే బృందం ఫిజిక్స్ పిల్లలను రెండు రకాల క్లాసుల్లో కూర్చోబెట్టింది. ఒకటి చక్కటి లెక్చర్, ఇంకొకటి పిల్లలే తంటాలు పడి లెక్కలు చేసే క్లాసు. పరీక్ష పెడితే రెండో రకం క్లాసులో ఎక్కువ నేర్చుకున్నారు. కానీ 'మీరు ఎంత నేర్చుకున్నారనుకుంటున్నారు' అని అడిగితే లెక్చర్‌లోనే ఎక్కువ నేర్చుకున్నామన్నారు. తడబాటును వాళ్లు నేర్చుకోకపోవడంగా లెక్కేసుకున్నారు.

కాబట్టి మొదటి వారంలోనే చెప్పేయాలి: ఈ క్లాసులో మీకు కష్టంగా అనిపిస్తుంది, ఆ కష్టమే నేర్చుకోవడం. నేను ఈత ఉదాహరణ చెబుతాను. గట్టు మీద కూర్చుని చూస్తే ఈత చాలా సులభంగా కనపడుతుంది. ఇక్కడి పిల్లల్లో చాలామంది బావిలో ఈత నేర్చుకున్నవాళ్లే, వెంటనే అర్థమవుతుంది.

స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ ఫారాలను బట్టి మంచి లెక్చరర్ ఎవరో చెప్పొచ్చా?

చెప్పకూడదు. పై జవాబులోనే సగం కారణం ఉంది. 2017లో బాబ్ ఉట్ల్ బృందం పాత అధ్యయనాలన్నీ మళ్లీ లెక్కకట్టి చూస్తే, పిల్లలు లెక్చరర్‌కు వేసే మార్కులకూ, ఆ పిల్లలు నేర్చుకున్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. అంతకుముందు, 2010లో క్యారెల్, వెస్ట్ అనే ఆర్థికవేత్తలు అమెరికా వైమానిక దళ అకాడమీ లెక్కలు చూశారు. అక్కడ ఏ పిల్లవాడు ఏ సెక్షన్‌లోకి వెళ్లాలో అకాడమీయే నిర్ణయిస్తుంది, పరీక్ష అందరికీ ఒకటే. కొందరు అధ్యాపకుల దగ్గర పిల్లలు ఆ కోర్సులో మంచి మార్కులు తెచ్చుకున్నారు, ఫీడ్‌బ్యాక్ కూడా బాగా ఇచ్చారు, కానీ తర్వాతి కోర్సులో వెనకబడ్డారు. మరికొందరి దగ్గర అప్పటికి మార్కులు తక్కువ, ఫీడ్‌బ్యాక్ తక్కువ, తర్వాతి కోర్సులో మాత్రం గట్టిగా నిలబడ్డారు.

ఆడ, మగ తేడా కూడా ఉంది. 2015లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఒక ఆన్‌లైన్ కోర్సులో ఒకే మనిషి ఒక గుంపుకు మగ పేరుతో, ఇంకో గుంపుకు ఆడ పేరుతో పరిచయమైతే, మగ పేరుకే ఎక్కువ మార్కులు పడ్డాయి. చిన్న అధ్యయనమే, కానీ మా మహిళా లెక్చరర్లకు ఇది చదివి వినిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఫారాలు మానేయమని నేననను. 'సార్ బోర్డు మీద రాసేది వెనక బెంచీకి కనపడుతోందా', 'పేపర్లు ఎన్నిరోజుల్లో దిద్ది ఇచ్చారు' లాంటివి పిల్లలే చెప్పగలరు, వాళ్లనే అడగాలి. అదీ సెమిస్టర్ మధ్యలో, మార్చుకోవడానికి వీలున్నప్పుడు. చివర్లో ఇచ్చే మార్కులతో మనిషి ఉద్యోగాన్ని తేల్చడం అన్యాయం, ముఖ్యంగా ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసే గెస్ట్ లెక్చరర్ల విషయంలో.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఏం చేయాలి?

మన జిల్లాలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న నా లెక్కలో ఇదే. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంటే ఇంగ్లీష్ మీడియమే. పల్లెలో పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల, ఇంటర్‌లో ఎలాగో నెట్టుకొచ్చి, డిగ్రీలో 'ఎలక్ట్రోస్టాటిక్ పొటెన్షియల్' దగ్గర ఆగిపోతుంది. ఆమెకు ఫిజిక్స్ రాదని మనం తేల్చేస్తాం. తెలుగులో అడిగితే చక్కగా చెబుతుంది.

నేను చేసేది ఇది. భావన తెలుగులో చెబుతాను. పదం ఇంగ్లీష్‌లో బోర్డు మీద రాస్తాను. పిల్లలు చర్చించుకునేది తెలుగులోనే, చివరి జవాబు రాసేది ఇంగ్లీష్‌లో. మొదటి ఆరు వారాలు ప్రతి క్లాసు చివర మూడు వాక్యాలు ఇంగ్లీష్‌లో రాయమంటాను, తప్పులకు మార్కులు తగ్గించను. ఇంగ్లీష్ వద్దని ఎవరూ అనడం లేదు. పిల్లలకు అది కావాలి, వాళ్లూ అదే అడుగుతారు. కానీ అర్థం కావడానికీ ఇంగ్లీష్ రావడానికీ మధ్య ఒక మెట్టు ఉంది, ఆ మెట్టు మనం కట్టాలి.

ఇందులో సిగ్గు పాత్ర కూడా పెద్దది. 'ఇది నా చోటు కాదేమో' అన్న దిగులు ఎంత చెడ్డదో 2011లో వాల్టన్, కోహెన్ చేసిన ప్రయోగం చూపించింది. ఒక అమెరికన్ యూనివర్సిటీలో మొదటి ఏడాది పిల్లలకు గంటసేపు ఒక పని ఇచ్చారు. సీనియర్లు కూడా మొదట్లో ఇలాగే దిగులుపడ్డారు, తర్వాత కుదురుకున్నారు అని చదివించి, దాని గురించి సొంత మాటల్లో రాయించారు. నల్లజాతి పిల్లల మార్కులు మూడేళ్లపాటు మెరుగయ్యాయి, తెల్లజాతి పిల్లలతో ఉన్న తేడా సగానికి తగ్గింది. మేమూ ఫ్రెషర్స్ డే రోజున తెలుగు మీడియం నుంచి వచ్చి ఎమ్మెస్సీలో చేరిన సీనియర్లను పిలిచి మాట్లాడిస్తున్నాం. ఫలితం ఇంతని లెక్క చెప్పలేను. వాళ్లు మాట్లాడేటప్పుడు హాల్లో మాత్రం చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది.

నేను స్టూడెంట్‌ని. పరీక్షలంటే టెన్షన్. ఎలా చదవాలి?

ఆల్ ఇన్ వన్ గైడు పదిసార్లు తిరగేయడం కంటే, ఒకసారి చదివి పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నది రాయడం మేలు. 2006లో రోడిగర్, కార్పిక్ చేసిన ప్రయోగంలో మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత కాస్త ముందున్నారు. వారం తర్వాత మాత్రం చదివి, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంటే, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే గుర్తుంది. పరీక్ష ముందురోజు రాత్రి చదివినది మర్నాడు సాయంత్రానికి ఎందుకు ఆవిరైపోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఒక్కొక్కరికి ఒక్కో లెర్నింగ్ స్టైల్ ఉంటుందంటారు, నిజమేనా?

చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని విడదీసి పాఠం చెబితే ఎక్కువ వస్తుందన్నదానికి గట్టి ఆధారం లేదు. 2008లో పాష్లర్ బృందం దీన్ని వివరంగా పరిశీలించింది. దీని మీద ట్రైనింగ్ పెడతామని ఎవరైనా వస్తే కాలేజీ డబ్బు లైబ్రరీకి ఖర్చు పెట్టండి.

కంబైన్డ్ స్టడీ అంటే కబుర్లే కదా?

పద్ధతి లేకపోతే కబుర్లే. పద్ధతి ఉంటే ఏమవుతుందో యూరీ ట్రైస్‌మన్ చూపించాడు. 1970లలో బర్కిలీలో కాలిక్యులస్ క్లాసులో నల్లజాతి పిల్లలు ఎందుకు ఫెయిలవుతున్నారని ఆయన వాళ్ల వెంటే ఉండి గమనించాడు. వాళ్లు శ్రద్ధగానే చదువుతున్నారు, కానీ ఒంటరిగా. చైనీస్ కుటుంబాల పిల్లలు సాయంత్రం గుంపుగా కూర్చుని ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన వెనకబడ్డవాళ్లకని ట్యూషన్ పెట్టలేదు. కష్టమైన లెక్కలిచ్చి కలిసి చేయించే వర్క్‌షాపులు పెట్టాడు, గౌరవంగా పిలిచాడు. ఫలితాలు తిరగబడ్డాయి. మన దగ్గర 'రెమెడియల్ క్లాస్' అని నోటీసు పెడితే పిల్లలు ఎందుకు రారో దీన్ని చదివాకే నాకు అర్థమైంది. ఆ పేరు చూసి ఎవరు వస్తారు?

న్యాక్ గ్రేడు, ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు చూసి కాలేజీ ఎంచుకోవచ్చా?

అవి చూడండి, అక్కడే ఆగిపోకండి. కాలేజీలకు గ్రేడులిచ్చే జాతీయ సంస్థ న్యాక్ 1994 నుంచి ఉంది, ఆ గ్రేడులు ఏడు అంశాలు పరిశీలించి ఇచ్చినవి. ఎన్ఐఆర్ఎఫ్ అనేది కేంద్రం ఇచ్చే ర్యాంకుల పద్ధతి, 2015లో వచ్చింది, తొలి ర్యాంకులు 2016లో ఇచ్చింది. అందులో బోధన, వనరులకు వెయిటేజీ ఉంది, కానీ అది ఎక్కువగా అధ్యాపకుల సంఖ్య, అర్హతలు, ఖర్చులు లాంటి లెక్కల మీద నడుస్తుంది. క్లాసులో ఏం జరుగుతోందో ఆ లెక్కలకు తెలియదు.

అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు మీరే మూడు ప్రశ్నలు అడగండి. మొదటి ఏడాదిలో చేరిన ఎంతమంది ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్నారు? మొదటి ఏడాది పిల్లలకు సీనియర్ లెక్చరర్లు చెబుతారా? ఇంటర్నల్ పేపర్లు దిద్ది పిల్లల చేతికిస్తారా? ఆఫీసులో జవాబు రాకపోతే బయట టీ కొట్టు దగ్గర పిల్లలను అడగండి.

నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇక్కడ ఏ అంశం తీసుకోవచ్చు?

మన ప్రాంతంలో ముడిసరుకు చాలా ఉంది. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ 1916 నాటిది. ఇంజనీరింగ్ కాలేజీ 1946 నాటిది, ఇప్పుడు 2008లో వచ్చిన జేఎన్‌టీయూ అనంతపురంలో భాగం. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ 1981లో వచ్చింది. కడపలో 2006లో యోగి వేమన, కర్నూలులో 2008లో రాయలసీమ యూనివర్సిటీ, 2018లో మన ఊరికే సెంట్రల్ యూనివర్సిటీ. ఇన్ని తరాల పిల్లలు వచ్చి వెళ్లిన చోటు ఇది.

కేంద్ర ప్రభుత్వం చేసే దేశవ్యాప్త ఐషే సర్వే 2021-22లో ఉన్నత విద్యలో 4.33 కోట్ల మంది ఉన్నారని చెబుతుంది. కానీ పోయిన ఏడాది చేరిన ఫలానా అమ్మాయి ఈ ఏడాది ఉందా అన్నది అందులో దొరకదు. అది కాలేజీ రిజిస్టర్లలోనే ఉంది. ఒక్క కాలేజీలో, ఒక్క ఏడాది చేరిన పిల్లలందరినీ మూడేళ్లు వెంబడించినా అది విలువైన థీసిస్. మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడాలి. చాలా థీసిస్‌లు మిగిలినవాళ్లకు ప్రశ్నావళి పంచి, మానేసినవాళ్ల గురించి తీర్పు రాస్తాయి. అది చేయకండి. ఇంకొక జాగ్రత్త: కొత్త పద్ధతిలో చెప్పిన సెక్షన్‌కు మార్కులు బాగా వచ్చాయంటే, ఆ సెక్షన్‌లో మొదటి నుంచే చదివే పిల్లలున్నారేమో ముందు చూసుకోవాలి. మీరు మాట్లాడిన పిల్లల పేర్లు, కులం, ఇంటి కష్టాలు బయటపడకుండా కాపాడే బాధ్యత మీదే.

ఖర్చు లేకుండా ఈ సోమవారం నుంచే మొదలుపెట్టగలిగింది ఏమైనా ఉందా?

ఫోన్ చేయండి. బెటింగర్, బేకర్ అనే పరిశోధకులు అమెరికాలో 13 వేల మందికి పైగా విద్యార్థుల మీద జరిగిన ప్రయోగాన్ని పరిశీలించారు. కొందరికి క్రమం తప్పకుండా ఒక కోచ్ ఫోన్ చేసి మాట్లాడేవారు. చదువు ఎలా ఉంది, పనితో ఎలా సర్దుకుంటున్నారు, ఏం అడ్డం వస్తోంది అని. ఆ పిల్లలు చదువు కొనసాగించే అవకాశం దాదాపు 5 శాతం పాయింట్లు పెరిగింది. ఫోన్లు ఆగిపోయాక కూడా ఆ తేడా చాలావరకు నిలిచింది.

మా డిపార్ట్‌మెంట్‌లో నియమం ఇది: మొదటి ఏడాది పిల్లవాడు వరుసగా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు సాయంత్రం ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. కారణం ఒక నోటుపుస్తకంలో రాస్తారు. తిట్టకూడదు. మొదటిసారి తండ్రి ఎత్తితే గాబరాపడతాడు. "ఏం తప్పు చేసినాడు సార్ మావోడు?" అంటాడు. "ఏం చేయలేదన్నా, మూడు రోజులుగా కనపడలేదు, బాగున్నాడా అని అడుగుదామని చేశాను" అని చెప్పండి. కాసేపు అటువైపు నుంచి మాట రాదు. తర్వాత మెల్లగా అసలు సంగతి చెబుతాడు.